రిపోర్టులో హార్మోన్లు నార్మల్... మరి పాపిడి ఎందుకు వెడల్పవుతోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 26 ఏళ్ళు. మాది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో, రోజూ రైల్లో వెళ్ళొస్తాను. రెండేళ్ళ నుంచి పాపిడి వెడల్పవుతోంది, లైటు కింద నిలబడితే మాడు కనిపిస్తోంది. పోయిన వర్షాకాలంలో డెంగీ వచ్చింది. అది తగ్గిన రెండు మూడు నెలలకి తలస్నానం చేస్తే చాలు, గుప్పెళ్ళ కొద్దీ ఊడింది. ఇప్పుడు అంతలా లేదు కానీ పాపిడి మాత్రం అలాగే ఉంది. డేట్ 45 రోజులకో 60 రోజులకో వస్తుంది. గడ్డం కింద గట్టి వెంట్రుకలు, నెలకి రెండుసార్లు థ్రెడింగ్ తప్పదు. ఎనిమిది కిలోలు బరువు పెరిగాను. ల్యాబ్‌లో హార్మోన్ ప్యాకేజీ చేయించాం, టెస్టోస్టిరాన్, థైరాయిడ్ కోసం చూసే టీఎస్‌హెచ్ అన్నీ నార్మల్ అని వచ్చింది, స్కాన్‌లో కూడా బుడగలు లేవన్నారు. అమ్మేమో బోరు నీళ్ళు, ఒంట్లో వేడి అంటోంది. పార్లర్‌లో ఇచ్చిన బయోటిన్ గమ్మీలు ఐదు నెలలుగా తింటున్నాను. అన్నయ్యకి 29 ఏళ్ళు, వాడికీ నుదుటి పైన జుట్టు పోతోంది, డాక్టర్ ఫినాస్టిరైడ్ రాశారు. అదే నేనూ వేసుకోవచ్చా? రిపోర్టులు నార్మల్ కాబట్టి ఇది హార్మోన్ల వల్ల కాదనేగా? సంబంధాలు చూస్తున్నారు, మూడు నెలల్లో జుట్టు ఒత్తుగా అయ్యే మార్గం చెప్పండి.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు అన్నయ్య మాత్ర సంగతి తేల్చేద్దాం అమ్మా, మిగతావన్నీ తర్వాత. (నువ్వనే అంటున్నాను, మా అమ్మాయి వయసే నీది.) ఆ మాత్ర వద్దు. ఒకటో రెండో ఇప్పటికే మింగి ఉంటే ఆపేసి, డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ మాట దాచకుండా చెప్పు. కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే వాడి జననాంగాలు సరిగ్గా ఏర్పడడానికి ఒక హార్మోన్ కావాలి, ఫినాస్టిరైడ్ అడ్డుకునేది సరిగ్గా దాన్నే. అందుకే విరిగిన, పొడి అయిన మాత్రలని గర్భిణులు చేత్తో ముట్టుకోకూడదని కూడా ఆ మందు వివరాల కాగితంలో రాసి ఉంటుంది. నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్ళకి కొన్నిసార్లు మేమే రాస్తాం, అది వేరే లెక్క. పెళ్ళి సంబంధాలు చూస్తున్న పిల్లవి, అన్నయ్య స్ట్రిప్‌లోంచి తీసి వేసుకునే మందు మాత్రం కాదిది.

ఇక నీ అసలు ప్రశ్న. రిపోర్టు నార్మల్ అయితే హార్మోన్ల వల్ల కాదనేగా అన్నావు. అక్కడే చాలామంది పొరపడతారు. ఉత్తరం చదివినంతలో నాకు తోచింది చెప్తాను: నీది చాలావరకు హార్మోన్ల వ్యవహారమే, రిపోర్టు ఏమన్నా సరే. జుట్టుకి సంబంధించినంత వరకు రక్తంలో హార్మోన్ ఎంత ఉందన్నది సగం కథే, కుదురు దానికి ఎలా స్పందిస్తుందన్నది మిగతా సగం. ఆ రెండో సగాన్ని కొలిచే రక్తపరీక్ష ఏ ప్యాకేజీలోనూ లేదు.

మగవాళ్ళ హార్మోన్ అని మనం పక్కన పెట్టేసే టెస్టోస్టిరాన్ ఆడవాళ్ళ ఒంట్లోనూ ఉంటుంది, అండాశయాలూ అడ్రినల్ గ్రంథులూ కొద్దికొద్దిగా తయారు చేస్తాయి. చర్మంలోకి వచ్చాక 5 ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది, పొట్టిగా డీహెచ్‌టీ అంటారు, ఇది అసలు దానికంటే గట్టిది. మామూలుగా తల మీద ఒక్కో వెంట్రుక రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతుంది, తర్వాత రెండు మూడు వారాల్లో పెరగడం ఆపేసి, ఇంకో మూడు నెలలు ఊరికే ఉండి రాలిపోతుంది, అదే కుదుట్లో కొత్తది మొలుస్తుంది. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే అనేది అందుకే. అయితే వారసత్వంగా డీహెచ్‌టీకి లొంగే గుణం ఉన్న కుదుళ్ళలో ప్రతి విడతా పెరిగే కాలం తగ్గిపోతూ వస్తుంది, కొత్తగా వచ్చేది ముందుదాని కంటే సన్నగా, పొట్టిగా వస్తుంది, చివరికి నూగు మిగులుతుంది. నీ పాపిడి దగ్గర జరుగుతున్నది ఇదే అని నా అనుమానం. అక్కడ వెంట్రుకలు పోయాయి అనే కంటే చిక్కిపోయాయి అనాలి. నీకు ఇది మంచి మాటే, చిక్కిన కుదురుని కొంతవరకు వెనక్కి తేవచ్చు, పూర్తిగా పూడుకుపోయిన కుదురుని తేలేం.

విచిత్రం ఏమిటంటే ఇదే హార్మోన్ గడ్డం మీద పనిచేస్తే నూగు కాస్తా గట్టి వెంట్రుకవుతుంది. గుంటూరు వాళ్ళకి నేను చెప్పాలా, ఒకే వాన చేలో ఉన్న పంటకి ప్రాణం, కల్లంలో ఆరబోసిన మిరపకాయకి చేటు. నెత్తిన పలచబడడం, గడ్డం కింద మొలవడం రెండు వేర్వేరు జబ్బులనుకుని ఒకదానికి నూనె, ఇంకోదానికి థ్రెడింగ్ అని తిరుగుతున్నావు, రెండూ ఒకదాని పనే.

హార్మోన్ ఒక్కటే ఉంటే బట్టతల రాదు, వంశం ఒక్కటే ఉన్నా రాదు, రెండూ కలవాలి. దీన్ని చూపించింది జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శరీరశాస్త్రవేత్త, 1942లో. యుక్తవయసు రాకముందే వృషణాలు పోయిన మగవాళ్ళకి బట్టతల రావడం లేదని గమనించి, అలాంటి వాళ్ళలో కొందరికి టెస్టోస్టిరాన్ ఇచ్చి చూశారు. ఇంట్లో బట్టతల ఉన్నవాళ్ళకి జుట్టు పోవడం మొదలైంది, లేనివాళ్ళకి అదే హార్మోన్ ఇచ్చినా పోలేదు. ఇవ్వడం ఆపితే ఊడడం ఆగింది గానీ పోయింది మాత్రం తిరిగి రాలేదు. ఆ చివరి ముక్క గుర్తుపెట్టుకో, ఆలస్యం చేయొద్దని నేను అనడానికి కారణం అదే.

అన్నయ్య మాత్ర పుట్టుక కూడా ఆసక్తిగా ఉంటుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని పల్లెల్లో, పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి యుక్తవయసులో మగపిల్లలుగా తేలే పిల్లలు ఉన్నారని, వాళ్ళలో పైన చెప్పిన ఎంజైమ్ లోపించిందని జూలియాన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ అనే డాక్టర్ బృందం 1974లో ప్రచురించింది. పెద్దయ్యాక వాళ్ళకి ప్రోస్టేట్ చిన్నగానే ఉండిపోయింది, బట్టతల రాలేదు. అయితే ఆ ఎంజైమ్‌నే మందుతో అడ్డుకుంటే పోలా అనుకున్నారు. అలా వచ్చిన ఫినాస్టిరైడ్‌కి అమెరికాలో 1992లో 5 మిల్లీగ్రాముల మోతాదులో ప్రోస్టేట్ వాపు కోసం, 1997లో 1 మిల్లీగ్రాము మోతాదులో మగవాళ్ళ బట్టతల కోసం అనుమతి దొరికింది. ఆ పిల్లలు పుట్టినప్పుడు ఎలా ఉన్నారో చూశావుగా, నీకు ఈ మాత్ర ఎందుకు వద్దన్నానో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నీ రిపోర్టు దగ్గరికి వద్దాం. ప్యాకేజీల్లో సాధారణంగా చూసేది మొత్తం టెస్టోస్టిరాన్. అందులో చాలా భాగం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌కీ, అల్బుమిన్‌కీ అంటుకుని ఉంటుంది, ఏదీ పట్టుకోకుండా విడిగా తిరిగేది ఒకటి రెండు శాతమే, పనంతా దానిదే. ఆ ఎస్‌హెచ్‌బీజీని తయారు చేసేది కాలేయం. ఇన్సులిన్ ఎక్కువైతే కాలేయం దాన్ని తగ్గించేస్తుంది, అప్పుడు మొత్తం అంకె నార్మల్‌గానే కనిపిస్తున్నా విడిగా తిరిగేది పెరిగిపోతుంది. పైగా అదే ఇన్సులిన్ అండాశయాల్ని ఇంకాస్త టెస్టోస్టిరాన్ తయారు చేయమని పురమాయిస్తుంది. నువ్వు బరువు పెరిగానన్నావు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా అయిందేమో ఒకసారి చూసుకో. అయి ఉంటే అది మురికి కాదు, పార్లర్‌లో బ్లీచ్ చేయించుకుంటే పోదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉందనడానికి గుర్తు.

అసలు అన్ని అంకెలూ, విడిగా తిరిగేదానితో సహా, నిజంగానే నార్మల్‌గా ఉండి పాపిడి వెడల్పయ్యే ఆడవాళ్ళు బోలెడుమంది. వాళ్ళ కుదుళ్ళు మామూలు మోతాదుకే లొంగిపోతాయి, అంతే. వాళ్ళని ఆరు నెలలకోసారి అవే పరీక్షలు చేయించుకోమనడం డబ్బు దండగ తప్ప ఇంకోటి కాదు. ఇంకో సంగతి, రక్తంలో డీహెచ్‌టీ పరీక్ష అని ఎవరైనా అమ్మితే వద్దను, అది తయారయ్యేదీ పనిచేసేదీ ఎక్కువగా చర్మంలో, రక్తంలో దాని అంకె చూసి నీ జుట్టు గురించి ఏమీ తేల్చలేం.

స్కాన్‌లో బుడగలు లేవు కాబట్టి పీసీఓడీ (మగ హార్మోన్ ఎక్కువై, నెలసరి దారి తప్పే అండాశయాల సమస్య) లేదు అనుకున్నారు మీ ఇంట్లో. అలా కాదు. 2003లో రాటర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని పెట్టుకున్న కొలమానాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. నెలసరి తప్పడం ఒకటి, మగ హార్మోన్ ఎక్కువైన గుర్తులు ఒంటి మీదో రక్తంలోనో కనిపించడం రెండు, అండాశయాలు స్కాన్‌లో ఆ రకంగా ఉండడం మూడు. మూడింట్లో రెండుంటే చాలు, స్కాన్ తప్పనిసరి కాదు. నీకు డేట్ 35 రోజులు దాటే వస్తోంది, గడ్డం కింద వెంట్రుకలు ఉన్నాయి. అంటే, ఇలాగే కనిపించే వేరే కారణాలు లేవని తేలితే, స్కాన్ లేకుండానే ఆ పేరు పెట్టొచ్చు. ఆ వేరే కారణాల కోసమే థైరాయిడ్, ప్రోలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ (అడ్రినల్ గ్రంథుల లోపం పట్టిచ్చేది) అనే మూడు పరీక్షలు చూస్తాం. (స్కాన్‌లో బుడగలంటూ జనం భయపడేవి కూడా నిజంగా గడ్డలేం కాదు, ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు.)

థైరాయిడ్ అనగానే గుర్తొచ్చింది, నీ టీఎస్‌హెచ్ రిపోర్టుని నేను అంత తేలిగ్గా నమ్మను. తప్పు ల్యాబ్‌ది కాదు, గమ్మీలది. చాలా ల్యాబ్‌ల్లో హార్మోన్ పరీక్షలు చేసే పద్ధతిలోనే బయోటిన్ ఒక భాగంగా ఉంటుంది, నీ రక్తంలో అది ఎక్కువగా ఉంటే మిషన్ పొరబడుతుంది, టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ మందగించి టీఎస్‌హెచ్ పెరిగినవాళ్ళకి కూడా నార్మల్ అని వచ్చేయొచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పెద్దవాళ్ళకి రోజుకి కావలసిన బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములు, జుట్టు కోసమని అమ్మేవాటిలో 5,000, 10,000 మైక్రోగ్రాములు కూడా ఉంటాయి. లోపం ఉన్నవాళ్ళు చాలా అరుదు, లోపం లేనివాళ్ళకి అది జుట్టు పెంచుతుందనడానికి గట్టి రుజువు లేదు. డబ్బా చెత్తబుట్టలో వేసి, కనీసం మూడు రోజులు ఆగి, ఈసారి టీఎస్‌హెచ్‌తో పాటు థైరాయిడ్ హార్మోన్‌నే నేరుగా కొలిచే ఫ్రీ టీ4 కూడా చేయించు. థైరాయిడ్ తక్కువైనా ఎక్కువైనా జుట్టు తలంతా సమానంగా పలచబడుతుంది, తక్కువైతే కొందరికి కనుబొమల చివరలు కూడా పోతాయి. నీ వివరాలు చూస్తే అదే ప్రధాన కారణమని నాకు అనిపించడం లేదు, కానీ తేల్చుకోకుండా వదిలేయకూడదు.

డెంగీ తర్వాత గుప్పెళ్ళ కొద్దీ ఊడిందే, అది మాత్రం హార్మోన్ల పని కాదు. పెద్ద జ్వరం, ఆపరేషన్, గబగబా బరువు తగ్గడం, ఇలాంటి దెబ్బ ఏది తగిలినా పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి పెరగడం ఆపేసి, రెండు మూడు నెలల తర్వాత ఒకేసారి రాలతాయి. జ్వరాన్ని అప్పటికి అందరూ మర్చిపోయి ఉంటారు, నింద కొత్తగా మార్చిన షాంపూ మీద పడుతుంది. ఇది సాధారణంగా ఆరు నెలల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. ప్రసవమైన మూడో నెలలో తల్లులకి ఊడేది కూడా ఇలాంటిదే, అక్కడ కారణం మాత్రం హార్మోనే: కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఈస్ట్రోజెన్ వెంట్రుకల్ని రాలనివ్వదు, కాన్పుతో అది పడిపోగానే అప్పటిదాకా ఆగినవన్నీ కలిసి రాలతాయి, బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి తిరిగి వచ్చేస్తాయి. నీ విషయంలో జరిగిందేమిటంటే, లోపల మెల్లగా జరుగుతున్న సన్నబడడం మీద డెంగీ వచ్చి పడింది. గుప్పెళ్ళు ఊడడం తగ్గినా పాపిడి పూడలేదంటే కింద ఉన్నది వేరే సమస్య అనేగా.

అమ్మ మాటలకి కూడా జవాబు చెప్పాలి, లేకపోతే ఈ పేపరు చూపించి మళ్ళీ గొడవ పడతారు. బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువగా ఉంటే జుట్టు బిరుసెక్కి మధ్యలో విరుగుతుంది, నిజమే. కానీ నీళ్ళు కుదురు దాకా దిగి పాపిడిని వెడల్పు చేయవు. విజయవాడ హాస్టళ్ళలో ఉండే పిల్లలు నీళ్ళ మీద వేసే నిందలో చాలా భాగం మెస్ తిండికీ, నిద్ర లేకపోవడానికీ, జ్వరాలకీ చెందాలి. ఇక కారం తింటే వేడి చేసి జుట్టు ఊడుతుందనేది నిజమే అయితే మిర్చి యార్డులో ఒక్కరి నెత్తి మీదా వెంట్రుక మిగలకూడదు. కొబ్బరి నూనె రాసుకో, అది వెంట్రుక పాడవకుండా కాపాడుతుంది, అమ్మ చేత్తో రాయించుకుంటే హాయిగా కూడా ఉంటుంది. మందారం, గుంటగలగరాకు వేసి కాచుకున్నా నాకు అభ్యంతరం లేదు, అవి హార్మోన్ పనిని ఆపుతాయని అనుకోకు, అంతే. దుర్గమ్మ కొండ మీద గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందా అని నువ్వు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు: మొక్కు ఉంటే ఇవ్వండి, కత్తి చర్మం పైనే తిరుగుతుంది, కుదురు సన్నబడి ఉంటే వచ్చేదీ సన్నగానే వస్తుంది.

మరి ఏం చేయాలి? ముందు చర్మ వైద్యుల దగ్గర పాపిడి చూపించుకో. గుంటూరు జీజీహెచ్‌లో చర్మ విభాగం ఓపీ ఉంది, ప్రైవేటుగా అయితే మీ కొత్తపేటలోనో విజయవాడలో మా సూర్యారావుపేటలోనో డాక్టర్లకి కొదవ లేదు. డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దంతో చూస్తే లావు వెంట్రుకల మధ్య సన్నవి ఎన్ని ఉన్నాయో అక్కడికక్కడే తెలిసిపోతుంది, ప్యాకేజీలో ఉన్న పది పరీక్షల కంటే అది ఎక్కువ చెప్తుంది. రక్తపరీక్షలు మళ్ళీ చేయించాల్సి వస్తే డేట్ వచ్చిన రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు ఇవ్వడం మంచిది. టెస్టోస్టిరాన్‌తో పాటు ఎస్‌హెచ్‌బీజీ, ఇందాక చెప్పిన మూడు, హిమోగ్లోబిన్, ఇనుము నిల్వ తెలిపే ఫెరిటిన్, షుగర్. ఫెరిటిన్ మర్చిపోవద్దు, నెలసరి వచ్చే మన ఆడపిల్లల్లో ఇనుము తక్కువ ఉండడం చాలా మామూలు, అది తక్కువగా ఉంటే మిగతా మందులు కూడా అంతంతమాత్రంగానే పనిచేయొచ్చు.

తలకి రాసే మందుల్లో ఎక్కువ రుజువున్నది మినాక్సిడిల్. ఇది మొదట బీపీ మాత్ర. మింగినవాళ్ళకి ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతుంటే, ఆ దుష్ఫలితాన్నే మందుగా మార్చుకున్నారు, 1988లో అమెరికాలో మగవాళ్ళకి, 1991లో ఆడవాళ్ళకి తలకి రాసుకునే ద్రవంగా అనుమతి దొరికింది. హార్మోన్‌ని ఏమీ చేయదు, కుదురు పెరిగే కాలాన్ని పొడిగిస్తుంది. ఆడవాళ్ళకి 2 శాతం ద్రవం రోజుకి రెండుసార్లో, 5 శాతం ఫోమ్ రోజుకి ఒకసారో రాస్తాం. వెంట్రుకలకి కాదు, చర్మానికి తగలాలి, చేతులు కడుక్కోవాలి, నుదుటి మీదకి కారనివ్వకూడదు, కారితే అక్కడా నూగు వస్తుంది. మొదటి నెలా రెండు నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ ఊడొచ్చు, పాతవి ఖాళీ చేస్తేనే కొత్తవి లేస్తాయి కాబట్టి. సగం మంది ఇక్కడే భయపడి మానేస్తారు. నువ్వు మానకు, కనీసం ఆరు నెలలు చూడాలి. మానేస్తే వచ్చింది కొన్ని నెలల్లో పోతుంది, ఇది ముందే తెలిసి మొదలుపెట్టాలి. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త, ఈ మందు నాకితే పిల్లులకి ప్రాణాంతకం.

పీసీఓడీ అని తేలితే మగ హార్మోన్‌ని తగ్గించే పని గైనకాలజిస్ట్ చూసుకుంటారు. సాధారణంగా ముందు వచ్చేది గర్భనిరోధక మాత్రలే, అవి అండాశయాల్ని నెమ్మది పరిచి, ఎస్‌హెచ్‌బీజీని పెంచుతాయి. ఆ పేరు వినగానే మన ఇళ్ళలో 'పెళ్ళి కాని పిల్లకి ఆ మాత్రలేంటి' అని ముఖాలు మాడిపోతాయి. పేరు అది, పని వేరు అని అమ్మకి డాక్టర్ చేతే చెప్పించు. అందులోనూ రకాలున్నాయి, కొన్ని జుట్టుకి మేలు చేయవు, కొందరికి అసలు పనికిరావు (కళ్ళ ముందు మెరుపుల్లాంటివి కనిపించి వచ్చే మైగ్రేన్, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకి), కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. స్పైరనోలాక్టోన్ అనే మాత్ర కుదుట్లో డీహెచ్‌టీ పట్టుకునే చోటుని అడ్డుకుంటుంది, బాగానే పనిచేస్తుంది, కానీ అది వాడుతుండగా గర్భం రాకూడదు. అందుకే పెళ్ళి ఎప్పుడు, పిల్లల్ని ఎప్పుడు అనుకుంటున్నావు అని డాక్టర్ అడిగితే సిగ్గుపడి దాటేయకు, మందు ఎంపిక ఆ జవాబు మీదే ఆధారపడుతుంది. జుట్టు సంగతి అటుంచు, మూడు నెలలు దాటినా డేట్ రాకపోతే మాత్రం ఆగకుండా వెళ్ళు, గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోవడం మంచిది కాదు.

బరువు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది, ఇన్సులిన్ దిగుతుంది. తొందరపడి ఒక పూట తిండి మానేసి నెలలో ఆరు కిలోలు తగ్గావో, డెంగీ తర్వాత చూసిన సినిమానే మళ్ళీ చూస్తావు. అన్నం కొంచెం తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు పెంచు. పొద్దున రైలు హడావిడిలో నాలుగు పూరీలకి బదులు రెండు పెసరట్లు తింటే నాకు సంతోషం (ఉప్మా లేకుండా!). స్టేషన్ నుంచి ఆఫీసుకి నడిచే దూరమైతే ఆటో మానేయి.

మూడు నెలల్లో ఒత్తుగా అవ్వాలన్నావు. అవ్వదమ్మా. వెంట్రుక నెలకి ఒక సెంటీమీటరే పెరుగుతుంది, ఏ మందైనా తేడా కనిపించడానికి ఆరు నెలలు, బాగా తెలియడానికి ఏడాది పడుతుంది. మూడు నెలల్లో గ్యారంటీ అని ఎవరన్నా అంటే వాళ్ళ మాట నమ్మకు. పెళ్ళిచూపుల రోజుకి కావాలంటే పాపిడి పక్కకి మార్చు, జుట్టు రంగులోనే చల్లుకునే ఫైబర్ పొడులు దొరుకుతున్నాయి, అవి హానికరం కాదు. సవరం పెట్టుకున్నా తప్పేం లేదు, కాకపోతే బరువుది పెట్టి గట్టిగా బిగించి లాగకు, ఆ లాగుడికి కూడా కుదుళ్ళు పోతాయి.

అన్నయ్యకి డాక్టర్ రాసింది సరైన మందే, రోజూ వేసుకోమను, అయితే వందలో కొద్దిమందికి కోరికలు, అంగస్తంభన తగ్గుతాయి, చాలావరకు మానేస్తే సర్దుకుంటాయి, కొందరు తర్వాత కూడా ఉందంటారు. మనసు దిగులుగా మారినా ఆగకుండా డాక్టర్‌కి చెప్పమను. పెద్దయ్యాక ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ పరీక్ష చేయించుకుంటే ఈ మందు వాడుతున్నానని చెప్పాలి, అంకెని సగానికి తగ్గించి చూపిస్తుంది. మేనమామ పోలిక వల్ల వచ్చిందని మీ ఇంట్లో అంటుంటే అందులో సగం నిజముంది: హార్మోన్‌ని పట్టుకునే గ్రాహకం జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది అబ్బాయికి తల్లి నుంచే వస్తుంది. కానీ ఇంకా చాలా జన్యువులు ఉన్నాయి, నాన్న వైపు నుంచి కూడా వస్తాయి. బెంజి సర్కిల్ హోర్డింగులు చూసి అప్పుడే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి పరిగెత్తొద్దను. వెనక భాగం నుంచి తీసి నాటిన వెంట్రుకలు ఎక్కడ నాటినా తమ గుణమే నిలుపుకుంటాయని న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెంట్రైచ్ 1950ల్లోనే చూపించారు, ఆపరేషన్ పనిచేసేది అందుకే. కాకపోతే నాటనివి, వాటి పక్కన ఉన్న అసలు వెంట్రుకలు, మందు లేకపోతే పోతూనే ఉంటాయి. 29 ఏళ్ళకి నుదురు నింపించుకుని మందు మానేస్తే 35కి ముందు ఒక వరస, వెనక ఖాళీ.

గొంతు బొంగురుపోవడం, కొద్ది నెలల్లోనే ముఖం మీదా ఛాతీ మీదా విపరీతంగా వెంట్రుకలు రావడం, ఇలాంటివి ఉంటే అది పీసీఓడీ అనుకుని కూర్చోకుండా వెంటనే వెళ్ళాలి, హార్మోన్ తయారు చేసే గడ్డ ఉందేమో చూడాలి. చాలా అరుదు, నీ ఉత్తరంలో ఆ గుర్తులు లేవు. రొమ్ముల నుంచి పాలలాంటిది కారుతుంటే ప్రోలాక్టిన్ సంగతి. రూపాయి బిళ్ళంత గుండ్రంగా ఒకచోటే నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు. దాన్ని పేనూ కొరకదు, ఈ హార్మోన్లూ చేయవు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి కుదుళ్ళ మీద పడుతుంది, వైద్యం పూర్తిగా వేరు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, ఆరేడు నెలల డేట్‌లు రాసిన కాగితం, ఇప్పటిదాకా వాడిన నూనెలూ గమ్మీలతో సహా అన్నిటి పేర్లూ పట్టుకెళ్ళు. పొద్దున థ్రెడింగ్ చేయించుకుని వెళ్ళకు, గడ్డం కింద ఎంత ఉందో వాళ్ళు చూడాలి. నుదుటికి ఎదురుగా పాపిడి ఫోటో ఒకటి ఇవాళే తీసి పెట్టుకో, ఒకే చోట, ఒకే లైటులో, మళ్ళీ ఆరు నెలల తర్వాత తియ్యి. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు, టెన్షన్ తప్ప.